బండికి హుక్కు ఎవరి దగ్గర పెట్టించాలి? ధర అడిగే ముందు ఇది చదవండి



ఈ నెలలో నాకు ఒకే విషయం మీద నలుగురు ఫోన్ చేశారు. "అన్నా, నీ బండికి వెనక హుక్కు పెట్టించి చిన్న ట్రైలర్ లాగుతున్నావంట కదా, ఎక్కడ పెట్టించావు, ఎంతయింది?" అని. ఎంతయింది అని నలుగురూ అడిగారు. ఎంత బరువు లాగుతుంది అని ఇద్దరు అడిగారు. దారిలో ఊడిపోతే ఏమవుద్ది అని ఒక్కరూ అడగలేదు. వాళ్లని తప్పు పట్టట్లేదు. మొదటిసారి నేనూ అడగలేదు. అడగనందుకు ఏం జరిగిందో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, పొద్దున పాలు పోసి వచ్చాక తీరిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. హుక్కు పెట్టించే చోటు ఎంచుకునేటప్పుడు దగ్గరా దూరమా, చవకా ఖరీదా అన్నది తర్వాత సంగతి. మనం ధర అడగకముందే మనల్ని నాలుగు ప్రశ్నలు అడిగేవాడి దగ్గరికి వెళ్లండి. "నీ బండికి ఇది పనికిరాదు, నేను చెయ్యను" అని చెప్పగలిగేవాడి దగ్గరికి వెళ్లండి. అలాంటివాడు దొరక్కపోతే హుక్కు పెట్టించడమే మానుకోండి. అద్దె బండి మాట్లాడుకోండి.

ఇక నా కథ.

మాకు నూజివీడు వైపు మూడెకరాల మామిడి, పక్కన అరెకరం కూరగాయలు. ట్రాక్టర్ లేదు. మూడెకరాలకి ట్రాక్టర్ కొంటే అది మనల్ని దున్నుద్ది. ఇంట్లోకి ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాం, జీపు లాంటిది, ఏడుగురు కూర్చోవచ్చు. కంపెనీ పేరు రాయను, ప్రచారం అనుకుంటారు. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, అమ్మాయిని హాస్టల్లో దింపాలన్నా, పెళ్లిళ్లకి వెళ్లాలన్నా అదే బండి. కాయల సీజన్లో మాత్రం నున్న మార్కెట్టుకి ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడాల్సి వచ్చేది. సీజన్ మధ్యలో ఆ ఆటో దొరకదు, దొరికినా వాడు చెప్పిందే రేటు. అప్పుడు తెలిసినాయన ఒకాయన దగ్గర రెండు చక్రాల చిన్న ట్రైలర్ అమ్మకానికి ఉందంటే తెచ్చుకున్నా. మన ట్రాక్టర్ ట్రక్కుకి అది పిల్ల అనుకోండి.

హుక్కు మా ఊరి వెల్డింగ్ షాపులో పెట్టించాను. ఆ కుర్రాడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గొర్రు పళ్లు, గేట్లు, ట్రక్కు డోర్లు ఏదిచ్చినా చక్కగా చేస్తాడు. బండి పెట్టాను, ఛాసిస్ చివర ఒక ఛానల్ ముక్క అతికించి దానికి హుక్కు వేశాడు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి అయిపోయింది. 1,800 రూపాయలు. "బాబాయ్, ఏనుగుని కట్టినా ఊడదు" అన్నాడు. నేనూ కాలితో రెండు తన్నులు తన్ని చూశాను. కదల్లేదు. సంబరపడ్డాను.

14 ట్రిప్పులు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగాను. పదిహేనోది ఒక ఆదివారం పొద్దున. ట్రైలర్లో 25 ట్రేలు బంగినపల్లి. బండిలో నేను, మా ఆవిడ. కాలవ గట్టు రోడ్డు మీద స్కూలు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. నెమ్మదిగానే ఎక్కించాను. వెనక నుంచి టప్పుమని శబ్దం. అద్దంలో చూస్తే మా ట్రైలర్ నా వెనక లేదు. పక్కన ఉంది. అది తన దారిన తాను ఎడమ పక్కకి పోయి, స్కూలు గేటు ముందున్న వేప చెట్టుకి గుద్దుకుని ఆగింది. కాయలన్నీ రోడ్డు మీద.

ఆ చెట్టు కింద మిగతా ఆరు రోజులూ అదే టైముకి పిల్లలు ఆటో కోసం నిలబడతారు. ఆరేళ్లవాళ్లు, ఏడేళ్లవాళ్లు, సంచులు వీపున వేసుకుని. ఆ రోజు ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. అంతే. నా జాగ్రత్త వల్ల కాదు, నా తెలివి వల్ల కాదు. ఆదివారం కాబట్టి. మా ఆవిడ దిగి ఆ చెట్టు వైపు చూసి అక్కడే రోడ్డు మీద కూలబడిపోయింది. ఒక్క కాయ కూడా ఏరలేదు.

మర్నాడు ఊడిపోయిన ముక్క పట్టుకుని చూశాను. అతుకు ఊడలేదు. అతుకు పక్కన ఛాసిస్ ఇనుమే చిరిగింది. ఆ చిరుగు చూస్తే సగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది, సగం తళతళా మెరుస్తోంది. మెరిసేది ఆదివారం తెగింది. తుప్పు పట్టింది అంతకు ముందెప్పుడో తెగింది. అంటే నేను వారాల తరబడి సగం తెగిన హుక్కుతో, వెనక సీట్లో అమ్మని, అమ్మాయిని కూర్చోబెట్టుకుని తిరిగాను.

ఎందుకిలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న ఇనుము గుణం మారుతుంది. అతుకు గట్టిగానే ఉంటుంది, దాని అంచు బలహీనపడుతుంది. బండి గతుకులో పడ్డ ప్రతిసారీ ట్రైలర్ ఆ అంచుని పైకీ కిందకీ వంచుతుంది. బైండింగ్ తీగని అటూ ఇటూ వంచి విరవడం మనందరికీ తెలిసిందే. ఇదీ అంతే, కాకపోతే నెమ్మదిగా. పైగా వెల్డింగ్ చేసిన చోట పెయింటు కాలిపోయి తుప్పు తొందరగా పట్టింది. బండిలో ఇప్పుడు కంప్యూటర్ పెట్టెలు ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైర్లు తీసి వెల్డింగ్ చెయ్యాలి, అదీ మేం చెయ్యలేదు. డీజిల్ ట్యాంకు, బ్రేక్ పైపు అక్కడికి ఎంత దూరంలో ఉన్నాయో కూడా చూడలేదు.

తప్పు ఆ కుర్రాడిది అని నేను అనను. ట్రైలర్ మీద ఎంత బరువు వేస్తానో నేను చెప్పలేదు, వాడు అడగలేదు. ఇద్దరం అడగకుండా చెప్పకుండా చేసిన పని అది. గొర్రు పన్ను విరిగితే చేలో ఆగిపోద్ది, మళ్లీ అతికించుకుంటాం. రోడ్డు మీద విరిగితే అది ఎవరి బిడ్డ మీదకి పోద్దో తెలీదు. రెంటికీ ఒకే చెయ్యి, ఒకే లెక్క సరిపోదు.

ఇక్కడ కొందరు అంటారు, "ట్రాక్టర్‌కి ఒక్క పిన్నుతో టన్నులు లాగట్లేదా, కారుకి ఇంత రాద్ధాంతం ఏంటి?" అని. మంచి ప్రశ్నే. ట్రాక్టర్ పుట్టిందే లాగడానికి. దాని హుక్కు కంపెనీవాడు వెనక ఇరుసు పెట్టెకే, కిందకి, చక్రాలకి దగ్గరగా ఇచ్చాడు. పైగా అది మెల్లగా పోతుంది. ఇంటి బండి పుట్టింది మనుషులు కూర్చోడానికి. హుక్కు వెనక చక్రాలకి చాలా వెనక, బంపర్ దగ్గర వస్తుంది. అక్కడ కిందకి బరువు పడితే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ మాట వినదు. పైగా 50, 60 స్పీడులో పోతాం.

ఎడ్లబండి తోలినవాళ్లకి నేను చెప్పాల్సిన పనే లేదు. బరువు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల మెడ బిగుస్తుంది. ముందుకి ఎక్కువైతే మెడ మీద భారం. మన నాన్నలు సరుకు సర్ది, కాడి చేత్తో లేపి చూసి, అప్పుడు కట్టేవాళ్లు. ట్రైలర్‌కీ అదే లెక్క. మొత్తం బరువులో పదో వంతుకి అటూ ఇటూగా హుక్కు మీద పడాలి. వెనక్కి ఎక్కువ పడితే స్పీడులో ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది, బండినే పడేస్తుంది. ట్రేలు కట్టాక ట్రైలర్ ముక్కుని కాటా మీద పెట్టి చూడండి, తెలిసిపోద్ది.

ఆ తర్వాత నేను రెండు నెలలు తిరిగాను. ఎక్కడెక్కడ ఎలా ఉందో చెప్తా.

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్. "మేం హుక్కులు పెట్టం సార్" అన్నారు. చాలామంది అక్కడితో తిరిగొచ్చేస్తారు. కానీ వాళ్ల దగ్గర తెలుసుకోవాల్సింది వేరే ఉంది. బండితో వచ్చే పుస్తకంలో ఈ బండి ట్రైలర్ లాగొచ్చా, లాగితే ఎన్ని కిలోలు, హుక్కు మీద ఎంత భారం పడొచ్చు అని రాసి ఉందేమో చూపించమనండి. లేకపోతే కంపెనీకి రాసి జవాబు కాగితం మీద తెప్పించమనండి. "లాగకూడదు" అని ఉంటే కథ అక్కడితో అయిపోయింది. ఇంకెక్కడికీ వెళ్లొద్దు. నాకు జవాబు రావడానికి నెల పట్టింది. వచ్చింది, లాగొచ్చు అని, కిలోల లెక్కతో. నేను ఆదివారం లాగిన బరువు దానికంటే ఎక్కువ.

తర్వాత కారు యాక్సెసరీస్ షాపులు. సీట్ కవర్లు, పాటల పెట్టెలు అమ్మే చోట వెనక నికెల్ గుండుతో మెరిసే హుక్కు కూడా ఉంటుంది. అరగంటలో బిగిస్తామన్నారు. కిందకి దూరి చూస్తే బంపర్ పట్టుకునే రేకు పట్టీకే రెండు బోల్టులు. అది అలంకారం. దాన్ని చూసి ట్రైలర్ తగిలించే అమాయకుడు ఎవడైనా ఉంటే వాడికి దేవుడే దిక్కు. బండి ముందు కట్టే బుల్ బార్లు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్లోనే రాష్ట్రాలకి రాసింది. ఇలాంటి షాపుల్లో అమ్ముతున్నారంటే అది పెట్టుకోవచ్చని అర్థం కాదు.

తర్వాత విజయవాడ ఆటోనగర్. అక్కడి పనితనం గురించి నేను చెప్పేదేముంది, లారీ బాడీలు కట్టడంలో వాళ్లకి పెట్టింది పేరు. కానీ ఆటోనగర్ అంటే ఒక షాపు కాదు, ఒక ఊరు. ఒక లైన్లో ఒకాయన "బంపర్ కోసేసి ఛానల్ వేసేద్దాం" అన్నాడు. ఇంకో చోట లారీకి వేసే మందం ఛానల్ చూపించాడు. అదే నలభై కిలోలు ఉంటుంది. ఆ ఇనుము బరువు కూడా మన బండే మోయాలి కదా. లారీ లెక్క కారుకి వేస్తే అది బలం కాదు, భారం. వాళ్లు చెయ్యలేరని కాదు, చిన్న బండికి చేసిన అనుభవం ఉన్నవాణ్ణి వెతుక్కోవాలి అంటున్నా.

చివరికి ఏలూరు రోడ్డు వైపు ఒక చిన్న షెడ్డు దొరికింది. ట్రైలర్లు తయారుచేసి కాగితాలతో అమ్మే మనిషి. నేను వెళ్లగానే "హుక్కు పెట్టాలి, ఎంతవుద్ది?" అన్నాను. ఆయన ధర చెప్పలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

1. బండి ఏ మోడల్, ఏ సంవత్సరం? ఆర్‌సీ ఏది?
2. కంపెనీ పుస్తకంలో లాగే బరువు ఎంతని ఉంది?
3. ఖాళీ ట్రైలర్ ఎంత, దాని మీద ఏం వేస్తారు, ఎన్ని కిలోలు?
4. ఏ రోడ్డు, ఎంత దూరం, ఎన్ని స్పీడ్ బ్రేకర్లు?
5. ట్రైలర్ ఉన్నప్పుడు బండిలో ఎంతమంది కూర్చుంటారు?
6. ఎవరు నడుపుతారు? ట్రైలర్‌తో రివర్స్ వచ్చా?
7. ట్రైలర్‌కి రిజిస్ట్రేషన్ ఉందా?

మూడో ప్రశ్న దగ్గరే నా పరువు పోయింది. ఎన్ని కిలోలో నాకే తెలీదు. ట్రేకి 22 కిలోలు, 25 ట్రేలు, 550 కిలోలు. ట్రైలర్ 200 పైన. మొత్తం 750 దాటింది. యూరప్ దేశాల్లో సొంత బ్రేకులు లేని ట్రైలర్ మొత్తం బరువు 750 కిలోలు మించకూడదని నియమం ఉందని ఆయనే చెప్పాడు. బ్రేకులు లేని ట్రైలర్‌ని ఆపాల్సింది ముందున్న బండి బ్రేకులే. వెనకది తోసుకుంటూ వస్తుంది. "ఇక 18 ట్రేలు మించి వెయ్యకండి, లేదా బ్రేకులున్న ట్రైలర్ తీసుకోండి" అన్నాడు. ఏడో ప్రశ్నకి కూడా నా దగ్గర జవాబు లేదు. ఆ పాత ట్రైలర్‌కి కాగితాలు లేవు, చెట్టుకి గుద్దుకున్నాక ఇరుసు కూడా వంగింది. అది పాత ఇనుముకి పోయింది.

మా అబ్బాయి కారుకి కూడా ఒకటి పెడతారా అని అడిగాను. చిన్న కారు అది. వెంటనే వద్దన్నాడు. అలాంటి కార్లకి విడిగా ఛాసిస్ ఉండదు, రేకు బాడీయే ఛాసిస్. కొన్ని దేశాల్లో ఆ రకం కార్లకీ పెడతారు కానీ కంపెనీ ముందే బిగించే చోట్లు ఇచ్చి, ఎన్ని కిలోలో రాసిన కార్లకే. "బంపర్లో మూత తీస్తే ఒక రింగు బిగించుకోవచ్చు కదా?" అన్నాను. అది ఆగిపోయిన బండిని లాగించుకోడానికి, సరుకు లాగడానికి కాదు అన్నాడు. నేను డబ్బులిస్తానంటే వద్దన్నాడు చూడండి, అప్పుడే నిర్ణయించుకున్నా పని ఈయన దగ్గరే అని.

ఆయన ఎలా చేశాడో, మీరు ఎక్కడికి వెళ్లినా ఏం చూసుకోవాలో చెప్తా.

మొదటిది, బోల్టులు. ఛాసిస్‌కి వెల్డింగ్ చెయ్యలేదు. హుక్కు ఫ్రేమ్ విడిగా తయారుచేసి, ఛాసిస్ రెండు పక్కలా ప్లేట్లు పెట్టి బోల్టులతో బిగించాడు. వీలైనంత వరకు కంపెనీ ఇచ్చిన రంధ్రాలే వాడాడు. ఛాసిస్ పై అంచుకి, కింద అంచుకి కొత్త రంధ్రం వెయ్యకూడదట, బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుందట. ఛాసిస్ డబ్బాలా ఉన్న చోట లోపల పైపు ముక్క పెట్టాడు, బోల్టు బిగిస్తే డబ్బా నొక్కుకుపోకుండా. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది, చూసుకోండి. ఏమీ లేని బోల్టు గేటుకి సరిపోద్ది, దీనికి కాదు.

రెండోది, చైన్లు. హుక్కు కింద రెండు చైన్లు కత్తెరలా అడ్డంగా వేసి కట్టాలి. హుక్కు ఊడినా ట్రైలర్ ముక్కు ఆ చైన్ల మీద పడుతుంది, పక్కకి పారిపోదు. ఆ ఆదివారం నాకు ఈ చైన్లు ఉంటే ట్రైలర్ ఆ చెట్టు దాకా పోయేది కాదు. కొన్ని వందల రూపాయల వస్తువు. మొదటి షాపులో నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

మూడోది, లైట్లు. ట్రైలర్ వెనక బ్రేక్ లైటు, ఇండికేటర్ వెలగాలి. లేకపోతే మన వెనక వచ్చే మోటార్ సైకిల్ కుర్రాడికి మనం ఆగుతున్నామని ఎలా తెలుస్తుంది? బండి వైరుని గీకి టేపు చుట్టడం కాదు, రిలే పెట్టి విడిగా లాగి సాకెట్ ఇవ్వాలి. వర్షాకాలం సంగతి చెప్పేదేముంది.

నాలుగోది, బిల్లు. ఏం వేశాడు, ఎన్ని కిలోలకి వేశాడు, ఏ తేదీన అని సంతకంతో కాగితం. ఇవ్వను అన్నవాడికి తన పని మీద తనకే నమ్మకం లేదని అర్థం.

ఐదోది, రెండేళ్ల కిందట వాళ్లు చేసిన బండి ఒకటి చూపించమనండి. కొత్తగా రంగేసిన హుక్కు అన్నిచోట్లా బాగుంటుంది. రెండు వర్షాకాలాలు తడిసిన హుక్కు నిజం చెప్తుంది.

ఆరోది, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మని చెప్పాలి. కొత్త బోల్టులు సర్దుకుని కొద్దిగా వదులవుతాయి, ఇంకోసారి బిగించాలి. ఆయన నట్టు మీద నుంచి ప్లేటు మీదకి తెల్ల రంగుతో ఒక గీత గీశాడు. నట్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. చదువు రానివాడు కూడా చూసి చెప్పొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు, చట్టం. దీన్ని దాటేసి రాస్తే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించాక, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. ట్రైలర్‌కి కూడా మామూలు బండిలాగే రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా ఆఫీసుకి వెళ్లండి. నేను కంపెనీ జవాబు, షెడ్డు ఆయన గీసిచ్చిన డ్రాయింగు పట్టుకుని అర్జీ పెట్టాను. మూడుసార్లు తిరిగాను. పని అయ్యాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి కిందకి వంగి చూశారు. నా కాగితాలకి అనుమతి వచ్చింది. మీ బండికీ వస్తుందని నేను పూచీ పడలేను. రాకపోతే పెట్టించొద్దు, అంతే. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా రాతపూర్వకంగా తెలియజేశాను. చెప్పకుండా పెట్టుకుని, ఏదన్నా జరిగాక క్లెయిమ్ కోసం వాళ్ల చుట్టూ తిరిగితే అప్పుడు వాళ్లదే పైచెయ్యి. ఇంకో మాట, మన పంట తప్ప పక్కవాళ్ల సరుకు అద్దెకి వేసుకోవద్దు. అది వేరే రిజిస్ట్రేషన్, వేరే పర్మిట్ వ్యవహారం.

"ఇన్ని తంటాలు ఎవడు పడతాడు అన్నా, వెల్డింగ్ షాపులో 1,800కి అయిపోయే పని" అంటారు. సరే, లెక్క వేద్దాం. షెడ్డులో హుక్కు, చైన్లు, వైరింగ్ కలిపి 14,500 అయింది. అంటే మొదటిసారి నేను 12,700 మిగుల్చుకున్నాను. ఆ ఆదివారం పగిలిన కాయలు జ్యూసు రేటుకి పోయి 9,000 దెబ్బ. బండి వెనక రిపేరుకి 6,000. పాత ట్రైలర్ ఇనుముకి. మిగుల్చుకున్నదంతా ఒక్క పొద్దున పోయి ఎదురు పడింది. పిల్లలు ఉండుంటే ఏమయ్యేదో దానికి లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో లెక్క కూడా నిజాయితీగా వేసుకోండి. హుక్కు, కాగితాలున్న ట్రైలర్ అన్నీ కలిపి నాకు 70,000 దాకా అయింది. మార్కెట్టుకి అద్దె ఆటో 1,200. నా బండిలో డీజిల్ 500. ట్రిప్పుకి 700 మిగులుతుంది. అంటే వంద ట్రిప్పులు తిరిగితే గానీ పెట్టిన డబ్బు రాదు. నాకు కాయలు, కూరగాయలు కలిపి ఏడాదికి 40 ట్రిప్పులు ఉంటాయి, రెండున్నరేళ్లు పడుతుంది. ఏడాదికి పదిసార్లు తిరిగేవాళ్లకి పదేళ్లు. వాళ్లకి అద్దె బండే మేలు. లేకపోతే ముగ్గురు నలుగురు కలిసి ఒకేసారి ఆటో మాట్లాడుకోండి. పక్కింటాయన పెట్టించాడని మనం పెట్టించడం, అదీ చవగ్గా పెట్టించడం, ఇదే మన రైతుల కొంప ముంచేది. బోర్ల దగ్గర చూశాం, పురుగు మందుల దగ్గర చూశాం, ఇక్కడా అదే.

మరి ఊళ్లో వాడికి పని ఇవ్వకపోతే వాడెలా బతుకుతాడు అంటారా? నాకూ ఆ బాధ ఉంది. ట్రైలర్ సైడు డోర్లు, ట్రేలు జారకుండా కడ్డీలు, అవన్నీ ఆ కుర్రాడి చేతే చేయించాను. వాడికి తెలిసిన పనికి వాడే మొనగాడు. ఎవరికి ఏ పని వచ్చో ఆ పని ఇవ్వడమే వాడికి మనం ఇచ్చే మర్యాద. రానిది అప్పజెప్పి, పాడయ్యాక ఊరంతా తిట్టడం మర్యాద కాదు.

ఇప్పుడు బయలుదేరే ముందు పిన్ను, పిన్ను క్లిప్పు, రెండు చైన్లు, తెల్ల గీత నేను చూస్తాను. మా ఆవిడ వెనక నిలబడి బ్రేక్ లైటు వెలిగిందో లేదో చెప్తుంది. తను "ఊఁ" అంటేనే బండి కదులుతుంది. స్కూలు దగ్గరికి రాగానే నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా వెళ్తాను. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనీ.

ఇప్పటికే వెల్డింగ్ హుక్కుతో తిరుగుతున్నవాళ్లకి ఒక్క మనవి. ఈ పోస్టు నచ్చిందా లేదా తర్వాత. రేపు పొద్దున బండి కింద ఒక గోనె పరుచుకుని, టార్చి పట్టుకుని దూరండి. అతుకు మీద కాదు, అతుకు అంచున చూడండి. వెంట్రుక లాంటి గీత గానీ, సన్నటి తుప్పు చార గానీ కనిపిస్తే ఆ రోజు నుంచి ట్రైలర్ తగిలించకండి. నేను చూసుకోలేదు. నాకు ఆదివారం కలిసొచ్చింది. ప్రతివాడికీ కలిసిరాదు.

మొన్న పక్క ఊరి నుంచి ఒకాయన కొత్త కారు తీసుకుని మా ఊరి వెల్డింగ్ షాపుకి హుక్కు కోసం వచ్చాడట. మా కుర్రాడు "ఇది నా పని కాదు బాబాయ్, నేను చెయ్యను, ముందు కంపెనీని అడగండి" అని పంపించేశాడట. ఆ రోజు వాడికి వచ్చే రెండు వేలు పోయింది. నా దృష్టిలో మాత్రం ఈ చుట్టుపక్కల హుక్కు గురించి అడగదగ్గ వాళ్లలో ఇప్పుడు వాడూ ఒకడు.

మీ ఊళ్లో ఎవరైనా ఇలా సరిగ్గా చేసేవాళ్లుంటే, లేదా మీకూ ఇలాంటి అనుభవం ఉంటే కింద రాయండి. పదిమందికీ పనికొస్తుంది.

ఉంటాను.